కమలా హారిస్ లిబరల్స్‌నీ మోడరేట్స్‌నీ ఎందుకు కలుపుకోలేకపోయారు?

న్యూజెర్సీ_గోదారి: 2024లో బైడెన్ తప్పుకున్నాక ప్రచారానికి ఆమెకు దొరికింది 107 రోజులే. లిబరల్స్ (వామపక్షం వైపు మొగ్గేవాళ్లు) చేజారకుండా మోడరేట్స్‌ని (మధ్యేవాదుల్ని) తెచ్చుకోవాలని చూశారు, రెండూ కుదరలేదు. మీ ఊళ్లో ఏం చూశారు? ముఖ్యంగా సబర్బ్స్‌లో ఆడవాళ్లు ఏమన్నారు?

ఫిలడెల్ఫియా_పక్కన: పెన్సిల్వేనియాలో ఫిలడెల్ఫియా సబర్బ్ అయిన బక్స్ కౌంటీలో మూడు శనివారాలు ఇంటింటికీ తిరిగాను. ఎప్పుడూ రిపబ్లికన్లకే ఓటేసిన ఒక పెద్దావిడ కాఫీ ఇచ్చి మరీ అడిగింది: "2019లో కమల ఫ్రాకింగ్ (భూమిలో రాయి పగలగొట్టి గ్యాస్ తీయడం) ఆపేయాలంది, ఇప్పుడు ఆపనంటోంది. ఏది నమ్మాలి?" నా చేతిలో ఉన్న కరపత్రంలో దానికి జవాబు లేదు. ఇప్పటికీ బాధేస్తుంది.

గ్యాస్_ఇంజనీర్: పదిహేనేళ్లుగా ఈ ఫీల్డులోనే ఉన్నాను, చెప్తా వినండి. పెన్సిల్వేనియాలో బావులు చాలావరకు ప్రైవేటు భూముల్లో ఉన్నాయి. కాంగ్రెస్ చట్టం చేయకుండా వాటిని ప్రెసిడెంట్ ఆపలేరు. పైగా 2022లో బైడెన్ క్లీన్ ఎనర్జీ చట్టం ఇన్‌ఫ్లేషన్ రిడక్షన్ యాక్ట్‌కి సెనేట్‌లో 50-50 వస్తే గట్టెక్కించింది వైస్ ప్రెసిడెంట్‌గా ఈమె ఓటే. కొత్త గ్యాస్ లీజులకు దారి అందులోనే ఉంది.

మిషిగన్_అక్క: లీజుల గొడవ సరే, అరబ్ అమెరికన్లు ఎక్కువగా ఉండే మా డియర్‌బార్న్ ఊసెత్తరేం? గాజా యుద్ధంపై నిరసనగా మిషిగన్ ఫిబ్రవరి ప్రైమరీలోనే లక్ష మందికి పైగా 'అన్‌కమిటెడ్' (ఎవరికీ కాదు) అని ఓటేశారు. షికాగోలో డెమోక్రాట్ల కన్వెన్షన్ వేదిక మీద ఒక్క పాలస్తీనా అమెరికన్‌కి మైకు ఇవ్వలేదు. అక్టోబరులో చూస్తే కమల రిపబ్లికన్ లిజ్ చెనీ పక్కన కూర్చున్నారు. ఇరాక్ యుద్ధం నాటి వైస్ ప్రెసిడెంట్ డిక్ చెనీ కూతురు! మా పక్కింటి లెబనాన్ ఆయన అది చూసి టీవీ కట్టేసి లేచిపోయాడు.

ఫిలడెల్ఫియా_పక్కన: @గ్యాస్_ఇంజనీర్, ఆ చట్టం సంగతి ఆవిడకీ చెప్పాను. ఆవిడ అడిగింది మాట ఎందుకు మారిందని. "నా విలువలు మారలేదు" అంటే సరిపోతుందా? కారణం చెప్పాలి కదా.

గ్యాస్_ఇంజనీర్: నాలుగేళ్లు వైస్ ప్రెసిడెంట్‌గా చేశాక అభిప్రాయం మారకూడదా? పాంప్లెట్లు పంచొచ్చి నాకు పాఠాలు చెప్పకండి.

ఫిలడెల్ఫియా_పక్కన: మర్యాదగా మాట్లాడండి. వానలో తిరిగింది నేను, మీరు కాదు.

డల్లాస్_బాబాయ్: ట్రంప్ జోడీగా పోటీ చేసిన జేడీ వాన్స్ భార్య ఉషా వాన్స్ పూర్వీకులది పశ్చిమ గోదావరి వడ్లూరు. మా వాట్సాప్ గ్రూపులో సగం మంది ఆ అభిమానంతోనే అటు మొగ్గారు. నాకైతే ఓటే లేదు, ఇంకా గ్రీన్‌కార్డు క్యూలోనే ఉన్నా.

న్యూజెర్సీ_గోదారి: బాబాయ్, గ్రీన్‌కార్డులకి వేరే చర్చ ఉంది, అక్కడ రాయండి.

అట్లాంటా_నర్సు: నాకు ఆశ పోయింది అక్టోబరు 8న. బైడెన్‌కి భిన్నంగా ఏం చేసేవారని 'ద వ్యూ' అనే టీవీ టాక్ షోలో అడిగితే, ఏదీ తట్టడం లేదన్నారు. బ్రేక్ రూమ్‌లో ఫోన్‌లో చూస్తున్నాం. మొదటిసారి డెమోక్రాట్లకు వేద్దామనుకున్న మా కొలీగ్ "అయితే నా కిరాణా బిల్లు ఇంతేనన్నమాట" అని టిఫిన్ డబ్బా మూసేసింది.

మిషిగన్_అక్క: ఇక్కడ తేడా దాదాపు 80 వేల ఓట్లే. మా వాళ్ల మాట వినుంటే?

గ్యాస్_ఇంజనీర్: మిషిగన్ 15 ఎలక్టోరల్ ఓట్లు కలిపినా ఆమెకొచ్చిన 226 కాస్తా 241 అవుతుంది. గెలవడానికి కావాల్సిన 270 ఎక్కడ?

మిషిగన్_అక్క: కూడికలు నాకూ వచ్చు తమ్ముడూ. 2020లో ఆ లెబనాన్ ఆయన మమ్మల్ని తన కారులో పోలింగ్‌కి తీసుకెళ్లాడు. ఈసారి తనే ఓటుకి రాలేదు. నేనేమీ అడగలేకపోయాను.

న్యూజెర్సీ_గోదారి: సబర్బ్స్ ఆడవాళ్ల గురించి, బక్స్ కౌంటీ పెద్దావిడ మాట తప్ప, ఇంకా ఎవరూ రాయలేదు. షార్లెట్, ఫీనిక్స్ వైపు ఎవరైనా ఉన్నారా?