కోలాజ్ గ్రూపులో ఒకావిడ నొచ్చుకుని వెళ్లిపోయారు, ఇప్పుడేం చేయాలి?

కూకట్‌పల్లి నుంచి:
మా అపార్ట్‌మెంట్‌లో ఏడుగురం ఆడవాళ్లం నెలకో ఆదివారం క్లబ్‌హౌస్‌లో కూర్చుని పాత వారపత్రికలు, పెళ్లికార్డులు, చీరల షాపు క్యాటలాగులు కత్తిరించి అట్టల మీద అతికిస్తున్నాం. బొమ్మలు వేయడం ఎవరికీ రాదు, అందుకే కోలాజ్. 'ఈ ఏడాది నాలో ఏం మారింది' లాంటి మాటొకటి అనుకుని మొదలుపెడతాం. మొదటి రెండు నెలలు ఇంట్లో కూడా అనని సంగతులు ఆ కాగితాల మీదకు వచ్చాయి. పోయిన నెల ఒకావిడ అట్టంతా ఖాళీగా వదిలేసి మూలన మూసిన తలుపు బొమ్మ ఒక్కటే పెట్టారు. పక్కావిడ చూసి "అయ్యో, ఎంత ఒంటరితనమో, మీ ఆయనతో పడట్లేదా" అనేశారు. మంచి మనసుతోనే అన్నారు, కానీ ఈవిడ కళ్లనీళ్లు పెట్టుకుని లేచి వెళ్లిపోయారు, ఆ తర్వాత ఫోన్ కూడా ఎత్తట్లేదు. నాకు నిద్ర పట్టట్లేదు. మాటలు మానేసి ఊరికే అతికించుకుని వెళ్లిపోదామా? అలాగైతే ఎవరింట్లో వాళ్లు చేసుకోవచ్చు కదా.

తార్నాక టీచర్:
మాటలు మానకండి. ఎవరి అట్ట గురించి వాళ్లే చెప్పాలి, మిగతావాళ్లు అర్థాలు తీయకూడదు, ఈ ఒక్క కట్టుబాటు పెట్టుకోండి. అమెరికాలో సీనా ఫ్రాస్ట్ అనే ఆవిడ సోల్‌కోలాజ్ అని ఒక పద్ధతి తెచ్చారు, 5 అంగుళాలు 8 అంగుళాల కార్డు మీద అతికించాక ఆ బొమ్మే నోరు విప్పినట్టు 'నేను' అని మొదలుపెట్టి చెప్పాలి. తెలుగులో ఇది ఇంకా బాగా కుదురుతుంది, 'నేను ఫలానా దాన్ని' అంటే చాలు. మా దగ్గర ఒకావిడ ఎండిన బావి బొమ్మ పెడితే అందరం దిగులేమో అనుకున్నాం, ఆవిడ మాత్రం "నేను పూడిక తీయించుకుంటున్న దాన్ని" అన్నారు. మేం ముందే నోరు జారి ఉంటే ఆ మాట బయటికి వచ్చేదే కాదు. అడగాలనిపిస్తే "ఈ మూల గురించి ఇంకేమైనా చెప్తారా" అని అడగండి, "ఈసారి వద్దు" అంటే అక్కడితో ఆపేయండి.

అబిడ్స్ ఆదివారం:
టీచర్ గారి మాటే నాదీ. కాగితాల సంగతి కూడా చూసుకోండి, క్యాటలాగుల్లో అందరూ నవ్వుతూనే ఉంటారు, కోపమో విసుగో చూపించాలనుకున్నవాళ్లకు ముక్క దొరకదు. ఆదివారం అబిడ్స్ ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాలు పరుస్తారు కదా, అక్కడ పాత పత్రికలు ఏరుకోండి. ఇంట్లోంచి కరెంటు బిల్లు, ఆర్టీసీ టికెట్, పాత క్యాలెండర్ తెచ్చుకోమనండి. ఫొటోలైతే జిరాక్స్ తీయించండి, అసలువి ముట్టుకోవద్దు. ఫెవికాల్ దట్టంగా పూస్తే పల్చటి కాగితం ముడతలు పడుతుంది, గ్లూ స్టిక్ మేలు. ఒకసారి కత్తెర పక్కన పెట్టి చేత్తో చించి చూడండి, ఆ అంచు మన ఇష్టం వచ్చినట్టు రాదు, అప్పుడే అందంగా పెట్టాలన్న టెన్షన్ పోతుంది. అతుకుల బొంత అని తేలిగ్గా అంటాం గానీ, మా అమ్మ కుట్టిన బొంతలో ఏ ముక్క ఎవరి చీరదో నేను ఇప్పటికీ చెప్పగలను.

కౌన్సెలింగ్ చదివినదాన్ని:
ఆవిడ దగ్గరికి మీరొక్కరే వెళ్లండి, తలుపు ఊసెత్తకండి, జరిగినదానికి బాధపడుతున్నామని చెప్పి వచ్చేయండి. ఇంకో సంగతి, ఇది చికిత్స కాదు. గ్రూపులో ఎవరికైనా రోజులు గడవడమే కష్టంగా ఉంటే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ నంబరు 14416 ఇవ్వండి, ఏ వేళకైనా ఉచితంగా మాట్లాడొచ్చు, తెలుగులో కూడా.

కూకట్‌పల్లి నుంచి:
నిన్న సాయంత్రం వెళ్లొచ్చాను. నేను అడగలేదు, టీ తాగుతూ ఆవిడే చెప్పారు, ఇక్కడ రాయమన్నారు కూడా. ఆ తలుపు జనగామలో వాళ్ల నాన్నగారి ఇంటిదట, మొన్న వేసవిలో అమ్మేశారట. అట్టంతా ఖాళీగా వదిలింది వాకిలి కోసమట. అందులో ముగ్గు వేయడానికి ఇంకో గంట కావాలి, ఆ అట్ట పారేయలేదు కదా అని అడిగారు.