పాత నీలి పల్లెం కింద 'వెడ్జ్‌వుడ్ అండ్ కో' అని ముద్ర ఉన్నది, ఇది ఏ కంపెనీది?

హన్మకొండ_చిన్నోడు:
అందరికి నమస్తే. కాజీపేటల మా బాపమ్మ ఇల్లు ఖాళీ చేస్తుంటే అటక మీద గోనెసంచిల చుట్టిపెట్టిన పెద్ద పింగాణి పల్లెం ఒకటి దొరికింది, కోలగ ఉన్నది, ఇంటిల్లిపాదికి వడ్డించే అంత పెద్దది. లేత నీలం రంగుల పూలు, నడుమ పొడుగు తోక పిట్టలు. మా తాత రైల్వేల పనిచేసిండు, ఎవరో దొర బంగ్లా ఖాళీ చేసి పోతూ అమ్మిన సామాన్లల్ల కొన్నడని ఇంట్ల చెప్తరు. తిప్పి చూస్తే అదే నీలం రంగుతోని 'ఏషియాటిక్ ఫెజెంట్స్' అని, దాని కింద 'వెడ్జ్‌వుడ్ అండ్ కో' అని ఇంగ్లీషుల ఉన్నది. ఇంగ్లాండ్ అని ఎక్కడ లేదు. పాత సామాన్లు కొనే ఒకాయన ఫొటో చూసి ఇది ఆ పెద్ద వెడ్జ్‌వుడ్ దే, రెండువందల యాభై ఏండ్ల కిందిది, నాకే ఇయ్యి అంటున్నడు. నాకు అమ్మాలని లేదు గని ఎవరు చేసిన్రు, ఎప్పుడు చేసిన్రు అనేది మాత్రం తెలవాలె. దాంతోనే ఒక చిన్న సాసర్ సుతం ఉన్నది, దాని మీద 'జాన్సన్ బ్రదర్స్, మేడ్ ఇన్ ఇంగ్లాండ్' అని కిరీటం బొమ్మ. తెలిసినోళ్లు జర చెప్పున్రి.

పింగాణి_పిచ్చి:
తమ్మీ, ఆ 'అండ్ కో' అనేదే నీకు కావాల్సిన జవాబు. అందరికి తెలిసిన వెడ్జ్‌వుడ్ అంటే జొసయ్య వెడ్జ్‌వుడ్, 1759ల ఇంగ్లాండ్ల బర్స్‌లెం అనే ఊర్ల సొంతంగ పని మొదలుపెట్టి 1769ల ఎట్రూరియా అని పెద్ద ఫ్యాక్టరీ కట్టిండు. ఆ కంపెనీ మామూలుగ 'వెడ్జ్‌వుడ్' అని ఒక్క పేరే పచ్చిమట్టిల అద్దేది, వేలు పెట్టి రాస్తే అక్షరాలు లోపటికి దిగినట్టు తెలుస్తయి. నీ పల్లెం వేరే ఫ్యాక్టరీది. అక్కడ స్టాఫర్డ్‌షైర్ల కుండల పని ఊర్లు ఆరు పక్కపక్కనే ఉంటయి, టన్‌స్టాల్, బర్స్‌లెం, హ్యాన్లీ, స్టోక్, ఫెంటన్, లాంగ్టన్, 1910ల అన్నిటిని కలిపి స్టోక్ ఆన్ ట్రెంట్ చేసిన్రు. వాటిల టన్‌స్టాల్ల పాడ్‌మోర్ వాకర్ అండ్ కో అని ఒక కంపెనీ 1834 నుంచి నడిచింది. అందుల ఈనాక్ వెడ్జ్‌వుడ్ అనేటాయన భాగస్తుడైండు, జొసయ్యకు దూరపు చుట్టమే. 1860ల ఆ కంపెనీయే 'వెడ్జ్‌వుడ్ అండ్ కో' అయింది, యూనికార్న్ వర్క్స్, పినాక్స్ వర్క్స్ అని రెండు ఫ్యాక్టరీలు. 1900ల లిమిటెడ్ అయింది, 1965ల పేరు ఈనాక్ వెడ్జ్‌వుడ్ అని మార్చుకున్నరు, ఆఖరికి 1980ల ఆ పెద్ద వెడ్జ్‌వుడే దీన్ని కొని యూనికార్న్ పాటరీ అని పెట్టింది. అంటే నూటయిరవై ఏండ్లు రెండు కంపెనీలు వేరువేరుగ, కొన్ని మైళ్ల దూరంల, ఒకటే పేరుతోని నడిచినయి, గందుకే అమ్మేటోళ్లు గిట్ల కలిపి చెప్తరు, కొందరు తెలువక, కొందరు తెలిసే.

ఇగ కాలం సంగతి. ముద్రల 'లిమిటెడ్' లేదంటే 1900 కంటె ముందుది. 'ఇంగ్లాండ్' లేదంటే ఇంక ముందుకు పోవచ్చు, ఎందుకంటే 1890ల అమెరికా మెకిన్లీ టారిఫ్ చట్టం తెచ్చింది, బయటి దేశం నుంచి వచ్చే సామాను మీద ఆ దేశం పేరు ఉండాలె అని, దాంతోని 1891 నుంచి ఇంగ్లీషు కంపెనీలు పల్లేల కింద ఇంగ్లాండ్ అని కొట్టుడు షురూ చేసినయి. 'మేడ్ ఇన్ ఇంగ్లాండ్' ఎక్కువగ ఇరవయ్యో శతాబ్దంల వచ్చింది. నా లెక్క ప్రకారం నీది 1860కి, 1891కి నడుమది. రెండువందల యాభై ఏండ్లు కానే కాదు. అయితే దీన్ని తక్కువ చేసి చూడకు, ఏషియాటిక్ ఫెజెంట్స్ (ఫెజెంట్ అంటే ఆ పొడుగు తోక పిట్ట) అనేది విక్టోరియా కాలంల ఇంగ్లాండ్ల ఇంటింట కనిపించిన డిజైను, ఎన్నో కంపెనీలు చేసినయి, అందుల మొదటి వరుసల పేరు ఈ పాడ్‌మోర్ వాకర్, ఈనాక్ వెడ్జ్‌వుడ్ లదే.

కాకతీయ_మిట్ట:
పింగాణి అన్న చెప్పింది నిజమే గని రెండు మాటలు కలుపుత. ఇంగ్లాండ్ అని లేకపోతె 1891కి ముందుదే అని గట్టిగ అనలేం. ఆ చట్టం అమెరికాకు పోయే సరుకుకు, మనదిక్కు వచ్చిన సామాను మీద కొట్టాలని రూలు లేదు. అట్లనే కొందరు 1891 కంటె ముందే ఇంగ్లాండ్ అని రాసుకున్నరు. కాబట్టి 1860 నుంచి 1900 దాక అనుడు మంచిది.

ఇంకొకటి, 'వెడ్జ్‌వుడ్ అండ్ కో' అని ఇంకొకాయన సుతం కొట్టిండు, రాల్ఫ్ వెడ్జ్‌వుడ్, అదే కుటుంబం, 1800కు అటూఇటూ యార్క్‌షైర్ల ఫెర్రీబ్రిడ్జ్ ల పనిచేసిండు (1806ల కార్బన్ పేపర్ కు పేటెంట్ తీసుకున్నది ఈయనే). ఆయన ముద్ర మట్టిల అద్దింది. నీది రంగుతోని అచ్చేసింది, మీదికెళ్లి ఈ డిజైను పేరు ఉన్నది, కాబట్టి ఆయనది కాదు. ఎప్పుడన్న జి తర్వాత ఇంకో ఇ అక్షరం పెట్టిన 'వెడ్జ్‌వుడ్' కనిపిస్తే అది ఈ రెండు కంపెనీలది కాదు. స్టాక్టన్ల విలియం స్మిత్ కంపెనీ గట్ల కొడుతుంటే పెద్ద వెడ్జ్‌వుడ్ వాళ్లు కోర్టుకు పోయి 1848ల ఆపించిన్రు.

లోకో_షెడ్:
మాది కాజీపేటే. నిజాం రైల్వే లైను మన వరంగల్ మీదికెళ్లి బెజవాడ దాక పూర్తయింది 1889ల, బల్లార్షా లైను కలిసింది 1929ల. రైల్వేల దొరలు ఇక్కడ సంసారాలు పెట్టింది ఆ తర్వాతనే కద. పల్లెం తయారైన ఏడు వేరు, మన దగ్గరికి వచ్చిన ఏడు వేరు, దొరలు తల్లిదండ్రుల కాలంనాటి సామాను సుతం పెట్టెలల్ల మోసుకొచ్చేటోళ్లు.

హన్మకొండ_చిన్నోడు:
అన్నలూ, మస్తు సంతోషమైంది. ఇంకొకటి అడుగుత. అంచు చుట్టు పూలు పోతయి కద, ఒక మూలకు అవి సరిగ కలువలేదు, పువ్వు సగంల తెగి ఇంకో పువ్వు మీదికి ఎక్కింది. వెనుక మూడు చోట్ల చిన్న చిన్న గరుకు చుక్కలు సుతం ఉన్నయి. ఇది నకిలీదా?

పింగాణి_పిచ్చి:
కాదు తమ్మీ, అవి చూసే నేను ఇంక నమ్ముత. రాగి రేకు మీద బొమ్మ చెక్కి, రంగు పూసి, పల్చటి కాయితం మీద అచ్చు తీసి, ఆ కాయితాన్ని ఒకసారి కాల్చిన పల్లెం మీద అతికించి రుద్దేటోళ్లు, ఎక్కువగ ఆడోళ్లే చేసే పని. అంచుకు పొడుగు పట్టీ లెక్క కత్తిరించి చుట్టాలె, కోల పల్లెంకు చుట్టేసరికి రెండు కొసలు కలిసే కాడ పువ్వు తెగుతది. పల్లెం మీద చెయ్యి పెట్టి పనిచేసిన మనిషి అక్కడ కనిపిస్తది, నాకైతె ముద్ర కంటె అదే ఇష్టం. గరుకు చుక్కలంటే, గ్లేజు (గాజు లెక్క మెరిసే పూత) పూసినంక బట్టీల ఒకదానికొకటి అతుక్కోకుండ నడుమ మూడు మొనల మట్టి ముక్క పెడుతరు, దాని గుర్తులు.

సాసర్ ది చిన్న సంగతే. జాన్సన్ బ్రదర్స్ అంటే హ్యాన్లీల 1883ల మొదలుపెట్టిన అన్నదమ్ములు, 1968ల వాళ్లు సుతం వెడ్జ్‌వుడ్ గ్రూపుల కలిసిన్రు. మన బాత్రూములల్ల జాన్సన్ టైల్స్ వేస్తం కద, ఆ పేరు ఆ కుటుంబందే.

కాకతీయ_మిట్ట:
పల్లెం గ్లేజుల వెంట్రుక లెక్క సన్నటి చీలికలు ఉంటె నీళ్లల్ల నానబెట్టకు, లోపటి మట్టి నీళ్లు పీలుస్తది, మరకలు దిగుతయి. బట్ట తడిపి తుడువు, బ్లీచింగు అసలే వద్దు. ఆ కాలం గ్లేజులల్ల సీసం ఎక్కువ, కాబట్టి పచ్చిపులుసు, మామిడికాయ తొక్కు లాంటి పుల్లటివి అందుల పెట్టకున్రి, పులుపుకు సీసం దిగుతది. గోడకు పెడితె స్ప్రింగు తీగల హ్యాంగరు వాడకు, అంచు ఎగిరిపోతది, చెక్క స్టాండు చేయించుకో.