మబ్బుల్లోకి ఎక్కింది నదా, ఇసుకా?

తేటగీతి: చైనా తాంగ్ రాజవంశ కాలపు కవి వాంగ్ ఝిహ్వాన్ ‘లియాంగ్‌జౌ పాట’లో ఒక పాదం ‘హ్వాంగ్‌హో యువాన్ షాంగ్’ అని గుర్తు. హ్వాంగ్‌హో, అంటే పసుపు నది, దూరదూరాన తెల్లమబ్బుల్లోకి ఎక్కిపోతోందని. మరోచోట ‘హ్వాంగ్‌షా ఝి షాంగ్’ కనబడింది, పసుప్పచ్చ ఇసుక నిటారుగా లేచిందని. అసలు పాఠం ఏది?

ఉత్పలమాల: ఇసుకే. చివరి పాదంలో యూమెన్ సరిహద్దు ద్వారం ఉంది కదా. తాంగ్ కాలపు యూమెన్ గ్వాజౌ వైపు. నది ఒడ్డునున్న లాన్‌జౌకి అది 800 కిలోమీటర్ల పైమాటే. అక్కడ నది ఎలా కనబడుతుంది? వాతావరణ శాస్త్రవేత్త ఝూ కెఝెన్ వాదమూ ఇదే.

మత్తకోకిల: దూరం కొలిచి కవిత్వం తేల్చకండి. కొంగల మేడ పద్యంలో నది సముద్రంలో కలుస్తోందన్నదీ ఈ కవే. మేడ ఉన్నది షాన్‌షీలోని యోంగ్‌జీలో. అక్కణ్ణుంచి సముద్రం వందల కిలోమీటర్లు.

సీసం: ఛందస్సు సాయం చేయదు. చైనా పద్యంలో అక్షరం పలికే స్వరాన్ని సమం, విషమం అని చూస్తారు; ‘హో’, ‘షా’ రెండూ సమస్వరాలే. ‘యువాన్’, ‘ఝి’ రెండూ విషమస్వరాలే. తేడా లిపిలో వెతకాలి: ‘హో’, ‘షా’ అక్షరాలు రెండిటికీ ఎడమవైపు నీటిని సూచించే అవే మూడు చుక్కలు. గొలుసుకట్టు రాతలో ఒకటి మరొకటిగా మారిపోవడం సులువు.

మత్తకోకిల: 744 ప్రాంతపు ‘గ్వోషియు’ సంకలనంలో నదే ఉంది. ఇసుక కనబడేది 980లలో కూర్చిన ‘వెన్‌యువాన్ యింగ్‌హ్వా’లో.

ఉత్పలమాల: కూర్పు పాతదే, మనకి దక్కిన ప్రతులు తర్వాతివి. పైగా ‘గ్వోషియు’లో నది తర్వాత ఉన్నది ‘యువాన్’ కాదు, ‘ఝి షాంగ్’. నిటారుగా లేచేది నదా, ఇసుకా?

తేటగీతి: నది నిటారుగా ఎందుకు లేవదు? మరో తాంగ్ కవి లీ బై అయితే ఆ నీళ్ళు ఆకాశం నుంచే దిగుతున్నాయన్నాడు! బాయన్ హర్ కొండల్లో 4,000 మీటర్ల పైన పుట్టే నదిని కింద నిలబడి చూస్తే ఇంకోలా అనిపించదు. ఆ ఒక్క పాదం ముందు ఈ పాఠాంతరాలన్నీ చిన్నవే.

సీసం: లీ బై దగ్గర నది దిగుతుంది, ఇక్కడ ఎక్కుతుంది. రెండూ కలపకండి. నా మట్టుకు ‘హ్వాంగ్’ (పసుపు) అన్న మాట ముఖ్యం. వాయవ్యపు ఎడారుల నుంచి గాలి మోసుకొచ్చిన ధూళే లోయెస్ పీఠభూమి. దాన్ని కోసుకునే నదికి ఆ రంగు. 20వ శతాబ్దం మధ్యలో ఏటా 160 కోట్ల టన్నుల మట్టి మోసేది. మేట వేసి పడక ఎత్తు పెరిగి, గట్టు తెంచి దారి మార్చేది: 1855లో దక్షిణపు పాత పాయ వదిలి ఉత్తరాన బోహాయ్ సముద్రంలోకి మళ్ళింది. ఇసుకా నదీ వేర్వేరన్నది పండితుల విభజన.

ఉత్పలమాల: భూగోళం ఒప్పుకుంటాను. కానీ కవి రాసిన అక్షరం ఒకటే కదా, సీసం గారూ. అదేదో చెప్పండి.