వారానికో గంట మాటలకు 1500 రూపాయలా? మీరేమంటారు?

పర్లాకిమిడి అన్న:
అందరికీ నమస్కారం. మా ఇంట్లో నడుస్తున్న గొడవ ఇది. చెల్లికి 28 ఏళ్లు, భువనేశ్వర్‌లో ఉద్యోగం. తిండి, నిద్ర, ఆఫీసు అన్నీ బాగానే ఉన్నాయి. కానీ ఎవరైనా కాస్త దగ్గరైతే చాలు, వాళ్లు తనని వదిలేస్తారని భయం పట్టుకుంటుంది. వాళ్లు వదిలేలోపు తనే తెంచేసుకుంటుంది. కుదిరిన సంబంధాలు రెండు అలాగే పోయాయి. పండక్కి ఇంటికొచ్చినా మేడ మీద ఒక్కతే కూర్చుని ఏడుస్తుంది. బరంపురంలో సైకియాట్రిస్టుకి చూపిస్తే మందులు అక్కర్లేదు, మాట్లాడే వైద్యం చేయించండి అన్నారు. విశాఖలో ఒక మేడం వీడియో కాల్‌లో తెలుగులోనే చేస్తానన్నారు. సైకోడైనమిక్ థెరపీ అట, అంటే పాత అనుభవాలు ఇప్పటి బంధాల్లో ఎలా తిరిగొస్తున్నాయో మాటల్లో వెతికే పద్ధతి. వారానికోసారి 50 నిమిషాలు, ఒక్కోసారికి 1500. ఏడాది పట్టొచ్చు అన్నారు. ‘మాట్లాడటానికి డబ్బులేంట్రా, మనం లేమా?’ అని నాన్న. నాకూ ఎటూ తేలడం లేదు.

ఆస్కారోడ్డు బావ:
నెలకి 6000. ఏడాదికి 70 వేలు దాటుతుంది. మా వీధిలో సగం ఇళ్ల మగాళ్లు సూరత్‌లో పవర్‌లూమ్‌ల మీద ఉన్నారు, ఏడాదికోసారి వస్తారు. వాళ్ల ఇళ్లలో ఆడవాళ్లకి ఏడుపు రాదా? ఎవరు వెళ్తున్నారు కౌన్సెలింగ్‌కి? ఇవన్నీ తీరికగా ఉన్నవాళ్ల జబ్బులు బాబూ. ఠాకురాణి యాత్రకి తీసుకురా, నలుగురిలో తిరిగితే అదే సర్దుకుంటుంది.

స్టాఫ్‌నర్సు, బరంపురం:
వస్తుంది బావగారూ. తలనొప్పి అని, గుండెదడ అని, కడుపులో మంట అని మా ఓపీకే వస్తారు. బీపీ చూసి మాత్రలిచ్చి పంపేస్తాం. లైనులో వెనక ఇంకా చాలామంది ఉంటారు, ఎవరు కూర్చోబెట్టి అడుగుతారు?

గుణుపురం మాస్టారు:
ఏడుపు నిజం కాదని నేననను. నా అభ్యంతరం వేరు. డాక్టరు తప్పు చేస్తే మెడికల్ కౌన్సిల్‌కి రాసుకోవచ్చు. కౌన్సెలర్ అని బోర్డు పెట్టుకోవడానికి ఏం కావాలి? ఆన్‌లైన్‌లో చిన్న కోర్సు చేసినా పెట్టేసుకుంటున్నారు. నా పాత విద్యార్థిని ఒకమ్మాయి ఇలాగే ఒకరి దగ్గరికి వెళ్తే, అక్కడ చెప్పుకున్న మాట వారం తిరక్కుండా వాళ్ల మేనత్త చెవిన పడింది. ఆ తర్వాత ఆ పిల్ల ఎవరి దగ్గరా నోరు విప్పలేదు.
ఇంకొకటి. అపెండిక్స్ ఆపరేషన్ ఎప్పుడు అయిపోయిందో మనకి తెలుస్తుంది. ఇది ఎప్పుడు అయిపోయిందో ఫీజు తీసుకునేవాళ్లే చెప్పాలా? పైగా చిన్నప్పటి సంగతులన్నీ తవ్వి, చివరికి తప్పంతా అమ్మానాన్నల మీద పెడతారని విన్నాను. ఈ పద్ధతికి మూలం వియన్నాలో డబ్బున్నవాళ్ల కోసం ఫ్రాయిడ్ అనే డాక్టరు మొదలుపెట్టిన వైద్యం. అది మన ఇళ్లకి ఎంతవరకు పనికొస్తుంది?

సైకాలజీ విద్యార్థిని:
మాస్టారూ, చివరి ప్రశ్నకి మాత్రం నేను చెప్తాను. అది వియన్నా నుంచి నిన్న మొన్న రాలేదు. గిరీంద్రశేఖర్ బోస్ అనే బెంగాలీ డాక్టరు 1922లోనే కలకత్తాలో ఫ్రాయిడ్ పద్ధతి కోసం ఇండియన్ సైకోఎనలిటికల్ సొసైటీ పెట్టారు. ఫ్రాయిడ్‌తో ఏళ్ల తరబడి ఉత్తరాలు నడిపారు. యూరప్ రోగుల్లో కనిపించేవన్నీ మన రోగుల్లో అంతగా కనిపించడం లేదని ఆయనకే రాశారు. మీ అనుమానం మనవాళ్లకి అప్పుడే వచ్చిందండీ, పనిచేస్తూనే అడిగారు.
ఫలితాల సంగతికొస్తే, ఈ పద్ధతి మిగతా పద్ధతులతో సమానంగా పనిచేస్తుందని, మానేశాక కూడా మార్పు పెరుగుతూ ఉంటుందని జొనాథన్ షెడ్లర్ అనే అమెరికన్ సైకాలజిస్టు 2010లో ‘అమెరికన్ సైకాలజిస్ట్’ పత్రికలో రాశారు. దాని మీద విమర్శలూ గట్టిగానే వచ్చాయి. నా మట్టుకు నేను పానిక్ అటాక్‌లకీ, పదేపదే చేతులు కడుక్కునే ఓసీడీకీ సీబీటీయే (ఇప్పటి ఆలోచనల్నీ అలవాట్లనీ మార్చుకోవడం నేర్పే పద్ధతి) ముందు చూడమంటాను. అది పన్నెండు నుంచి ఇరవై సెషన్లలో తేలుతుంది, ఇంటికి అభ్యాసాలూ ఇస్తారు. అన్నయ్య చెప్పిన సమస్య అలాంటిది కాదు. అది ప్రతి బంధంలోనూ ఒకేలా తిరిగొస్తోంది.

ఛత్రపురం:
నేను ఏడాదికి పైగా ఇదే చేయించుకున్నాను, ఫోన్లో, తెలుగులో. మొదటి కొన్ని నెలలు డబ్బు దండగ అనిపించింది, దాచను. సలహా అడిగితే ఇవ్వరు. ‘అలా అడగాలని ఎందుకనిపించింది?’ అంటారు. ఒళ్లు మండేది. ఒకసారి ఆవిడ వారం సెలవు పెడితే తర్వాతి సెషన్లో గంటంతా రుసరుసలాడాను. ఆవిడ తప్పించుకోలేదు, సర్దిచెప్పలేదు. ‘నేను లేనప్పుడు మీకు ఏమైంది?’ అన్నారు. అప్పుడు నోటికొచ్చింది మా నాన్న సంగతి. ఆయన సూరత్ నుంచి వచ్చిన ప్రతిసారీ మొదటి రెండు రోజులు నేను ఆయనతో మాట్లాడేవాణ్ణి కాదు. పెళ్లయ్యాక నా భార్య పుట్టింటికెళ్లి వస్తే కూడా అదే చేస్తున్నాను. ఆ విషయం నాకు ఎవరూ చెప్పలేదు. నేనే ఆ సెషన్లో చేసి చూపించాను.
మాస్టారూ, నాన్న మీద తప్పు పెట్టమని ఎవరూ అనలేదు. నిజానికి ఆయన మీద కోపం అప్పుడే తగ్గింది. ఒకటి మాత్రం ఒప్పుకుంటాను: ఈ డబ్బు అందరూ పెట్టలేరు. నాకు జీతం ఉంది కాబట్టి కుదిరింది.

ఆస్కారోడ్డు బావ:
రెండు రోజులు మాట్లాడకపోతే జబ్బా? మా ఇంట్లో నెలలు మాట్లాడుకోం.

స్టాఫ్‌నర్సు, బరంపురం:
మీరలా అన్నందుకే రాస్తున్నా, కొంచెం పొడుగవుతుంది.
మాస్టారు అడిగింది సరైన ప్రశ్న. ముగ్గురిని కలిపేస్తున్నాం మనం. సైకియాట్రిస్టు అంటే ఎంబీబీఎస్ తర్వాత ఆ చదువు చదివిన డాక్టరు, మందులు రాయగలరు. క్లినికల్ సైకాలజిస్టు మందులు రాయరు, మాట్లాడే వైద్యం చేస్తారు. వాళ్లకి రీహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియాలో రిజిస్ట్రేషన్ ఉండాలి, సీఆర్ఆర్ నంబరు అంటారు. అడిగితే చెప్పాలి. మూడోది ఉత్త ‘కౌన్సెలర్’ అన్న బోర్డు. అందులో మంచివాళ్లున్నారు, సరైన చదువు లేనివాళ్లూ ఉన్నారు. అడగడానికి మొహమాటపడకు తమ్ముడూ, బంగారం కొనేటప్పుడు హాల్‌మార్క్ అడగమా?
మేనత్త చెవిన పడింది చూశారూ, అది చిన్న విషయం కాదు. 2017 మెంటల్ హెల్త్‌కేర్ చట్టం రోగి విషయాలు గోప్యంగా ఉంచాలంటుంది. ఇక్కడ మాత్రం ఎవరి పేరు చెప్పినా ఎవరికో ఒకరికి బంధువే. అందుకే ఊరవతల మనిషి, వీడియో కాల్ నాకు మంచిదే అనిపిస్తుంది. ఇన్సూరెన్స్ మీద ఆశ పెట్టుకోకండి. మానసిక జబ్బునీ శరీరానికొచ్చే జబ్బుతో సమానంగా చూడాలని అదే చట్టంలో ఉంది. కానీ పాలసీలు ఎక్కువగా ఆసుపత్రిలో చేరితేనే ఇస్తాయి, వారం వారం ఫీజుకి కాదు.
ఒక హెచ్చరిక కూడా. చచ్చిపోవాలనే ఆలోచనలు, లేని గొంతులు వినపడటం, విపరీతమైన తాగుడు ఉన్నవాళ్లు ముందు సైకియాట్రిస్టు దగ్గరికే వెళ్లాలి. ఏడాది మాటలతో మొదలుపెట్టకూడదు. డబ్బు లేనివాళ్లు 14416 కి చేయొచ్చు. 2022 అక్టోబర్‌లో మొదలైన టెలీ మానస్ అది, మనసు బాగోలేనివాళ్ల కోసం ప్రభుత్వం నడిపే ఫోన్ సేవ, ఉచితం, రాత్రైనా ఎత్తుతారు, తెలుగు కూడా ఉంది. అది ఏడాది థెరపీకి బదులు కాదు. కానీ బావగారి వీధిలో ఆడవాళ్లకి ఈ నంబరైనా తెలియాలి.

గుణుపురం మాస్టారు:
నర్సమ్మ చెప్పింది బాగుంది. ఫీజు, ముగింపు సంగతి ఇంకా మిగిలింది. బాబూ, ఆ మేడంని మూడు అడుగు. రిజిస్ట్రేషన్ నంబరు. ఎంత మెరుగైందో ఎన్ని నెలలకోసారి కూర్చుని చూస్తారు. మధ్యలో మానేయాలంటే ఏం చేయాలి. మూడింటికీ విసుక్కోకుండా జవాబిస్తే అప్పుడు ఆలోచించు.

పర్లాకిమిడి అన్న:
అడిగాను మాస్టారూ. నంబరు వెంటనే పంపారు. మొదటి నాలుగు సెషన్లు ఇద్దరికీ కుదురుతుందో లేదో చూసుకోవడానికేనట, తర్వాత మూడు నెలలకోసారి మాట్లాడుకుంటారు. మానేయాలనిపిస్తే ఫోన్ ఎత్తడం మానేయకుండా ఒక్క సెషన్‌కి వచ్చి చెప్పి వెళ్లమన్నారు. చెల్లి తన జీతంలోంచే కడతానంది. నాన్న మెత్తబడలేదు. ‘నా గురించి కూడా చెప్తావా?’ అని అడిగారు. చెప్తానంది. ఆ రోజంతా ఇంట్లో టెన్షనే.

స్టాఫ్‌నర్సు, బరంపురం:
ఎక్కడ కూర్చుని మాట్లాడుతుంది? హాస్టల్లో గోడలు పల్చన.

పర్లాకిమిడి అన్న:
అదే ఇబ్బంది అక్కా. రూమ్మేట్ ఇచ్ఛాపురం అమ్మాయి, తెలుగు అంతా అర్థమవుతుంది. శనివారాలు ఆఫీసు మీటింగ్ రూమ్ ఖాళీగా ఉంటుందట, తాళం అడుగుతోంది.

గుణుపురం మాస్టారు:
మూడు నెలల తర్వాత ఇక్కడే రాయి. డబ్బు లెక్కతో సహా.