అప్‌డేట్: కుమా విషయంలో నేను పొరబడ్డాను

పోయిన నెల నేనడిగింది ఇదీ: జపాన్ బొమ్మల కథ (మాంగా) ‘వన్ పీస్’లో కుమా అనేవాడు సబావోడీ దీవుల దగ్గర కథానాయకుడు లూఫీ బృందాన్ని ఒక్కొక్కరినీ అరచేత్తో తాకి ఎందుకు మాయం చేశాడు? వట్టి దుర్మార్గుడని కూడా రాశాను. ‘తొందరపడకండి, ఎగ్‌హెడ్ దీవి ఘట్టం దాకా చదవండి’ అన్నారు మీరు. చదివాను.

కడప నుంచి కర్నూలు బస్సులో మొదలుపెడితే, ఆళ్లగడ్డ దాటేసరికి ఫోను ఒళ్లో పెట్టుకుని కిటికీ వైపు తిరిగి కూర్చున్నాను. పక్క సీటు పెద్దాయన ‘ఏం నాయనా, ఇంట్లో అందరూ బాగున్నారా?’ అని అడిగారు. బొమ్మల కథకు ఏడుస్తున్నానని ఎలా చెప్పను!

కుమా పెంచిన బోనీ అతని కన్నకూతురు కాదు. అయినా ఆ పిల్ల జబ్బు నయమైతే చాలని ఒళ్లంతా యంత్రంగా మారడానికి, చివరికి మనసే పోగొట్టుకోవడానికి ఒప్పుకున్నాడు. పైగా ఆఖరి కోరికగా లూఫీ ఓడకు కాపలా ఉంటానన్నాడు. రెండేళ్లు నిలబడ్డాడు కూడా.

కుమాను యంత్రంగా మార్చిన శాస్త్రవేత్త వేగాపంక్ నిస్సహాయుడన్న మీ మాట మాత్రం నాకు మింగుడుపడలేదు. మనసు తీసేయాలన్న షరతు ప్రపంచ ప్రభుత్వ పెద్ద శాటర్న్ పెట్టాడు, సరే. పని చేసిన చేతులు ఎవరివి?

ప్రస్తుతం మళ్లీ సబావోడీ నుంచి చదువుతున్నాను. ఈసారి కుమా అరచేయి ఎత్తినప్పుడల్లా పేజీ తిప్పడం ఆలస్యమవుతోంది.