మా కుక్క రాత్రంతా గోక్కుంటోంది, ఏం చేయాలి?

బ్రూనో_ఇల్లు:
మా బ్రూనోకి నాలుగేళ్లు. మూడు వారాలుగా ఒకటే గోకుడు. అర్ధరాత్రి వాడి కాలు నేలకి టపటపా తగులుతున్న చప్పుడుకే మెలకువ వస్తోంది. తోక మొదట్లో వెంట్రుకలు ఊడి చర్మం ఎర్రబడింది. పురుగులేమీ కనబడలేదు. మొన్న మేం వాడే షాంపూతోనే స్నానం చేయిస్తే దురద ఇంకా పెరిగింది. చూస్తుంటే ఏడుపొస్తోంది. మీలో ఎవరికైనా ఇలా అయిందా?

సింబా_నాన్న:
తోక మొదట్లో అంటున్నారు కాబట్టి ముందు ఫ్లీలని, అంటే వెంట్రుకల్లో దాక్కుని రక్తం తాగే చిన్న పురుగుల్ని అనుమానించండి. వాటి లాలాజలం పడని కుక్కకి ఒకటి రెండు కాట్లు చాలు, రోజుల తరబడి గోక్కుంటుంది. పైగా కొరుక్కునేటప్పుడు ఆ పురుగుల్ని మింగేస్తుంది, అందుకే మన కంటపడవు. సన్న పళ్ల దువ్వెనతో అక్కడ దువ్వి, రాలిన నల్ల నలుసుల్ని తడిపిన తెల్ల కాగితం మీద వేయండి. నలుసు చుట్టూ ఎర్రటి గోధుమ రంగు దిగితే అది మట్టి కాదు, ఫ్లీల రెట్ట. మా సింబాకి అలాగే బయటపడింది.

మినీ_అక్క:
మన షాంపూ మాత్రం వద్దండి. కుక్క చర్మం తీరు వేరు, మన షాంపూతో పొడిబారిపోతుంది. కుక్కల షాంపూ, గోరువెచ్చని నీళ్లు వాడండి. వేడినీళ్లు దురదని రేపుతాయి. మందు షాంపూ ఇస్తే నురుగు పది నిమిషాలు ఒంటి మీద ఉండాలి, వెంటనే కడిగేస్తే పనిచేయదు.

మా మినీది అలర్జీ. పాదాలు నాకీ నాకీ తెల్ల వెంట్రుకలు తుప్పు రంగుకి తిరిగాయి. బయటి నుంచి రాగానే పాదాలు, పొట్ట తడిబట్టతో తుడిచి, వేళ్ల సందుల్లో తడి లేకుండా ఆరబెడతాను. చాలా నయం. కానీ పూర్తిగా పోలేదు, డాక్టర్ ఇచ్చిన మందు కూడా నడుస్తోంది.

రాకీ_తోడు:
మా రాకీది గజ్జి. చెవి అంచులు, మోచేతుల దగ్గర మొదలైంది. చెవి అంచుని వేళ్లతో రుద్దితే చాలు, వెనక కాలు దానంతటదే గోకడం మొదలుపెట్టేది. నేను పొడి చర్మమనుకుని రెండు వారాలు నూనె రాస్తూ కూర్చున్నాను. చివరికి నా ముంజేతుల మీద దద్దుర్లు వచ్చాక గానీ తెలియలేదు, అది మనుషులకీ అంటుతుందని. ఆ రెండు వారాలు వాడు పడిన బాధ తలుచుకుంటే ఇప్పటికీ మనసు ఊరుకోదు. ఇంట్లో ఎవరికైనా దురద ఉంటే ఆలస్యం చేయకండి.

లియో_మేము:
ఏడాది పొడవునా దురద, చెవుల్లో మాటిమాటికీ ఇన్‌ఫెక్షన్ ఉంటే తిండి వైపు కూడా చూడాలి. మాకు డాక్టర్ చెప్పిన ఆహారం ఒక్కటే 8 వారాలు పెట్టాం. మధ్యలో ఎవరో ఒక బిస్కెట్ పెట్టడంతో మళ్లీ మొదటికొచ్చింది.

మినీ_అక్క:
ఇంకో మాట. టీ ట్రీ నూనె రాయమని ఎవరైనా చెబితే వినకండి, కుక్కలకి అది విషం. మనం వాడే క్రీములూ వద్దు, నాకేస్తాయి. పుండు తడిగా ఉన్నా, చీము పట్టినా, వాసన వస్తున్నా ఇంటి వైద్యం ఆపేసి చూపించాల్సిందే.

బ్రూనో_ఇల్లు:
కాగితం ఎర్రబడింది! డాక్టర్ ఫ్లీల మందు ఇచ్చారు, పుండు నాకకుండా మెడకి కోన్ కట్టారు. ఇక అయిపోయినట్టేనా?

సింబా_నాన్న:
లేదండి. గుడ్లు, పిల్ల పురుగులు ఎక్కువగా ఉండేది కుక్క మీద కాదు, ఇంట్లోనే. పరుపు గుడ్డలు వేడినీళ్లతో ఉతకండి, సోఫా సందులు, గదుల మూలలు వాక్యూమ్ చేయండి. గూడు కట్టుకున్న పురుగు నెలల తరబడి బతికి ఉంటుంది కాబట్టి కనీసం మూడు నెలలు మందు ఆపకండి. ఇంట్లో పిల్లి ఉందా? ఉంటే కుక్క మందు దానికి అస్సలు వేయకండి. పెర్మెత్రిన్ అనే పురుగుల మందు ఉన్నదైతే పిల్లి ప్రాణానికే ముప్పు.

బ్రూనో_ఇల్లు:
పిల్లి ఉంది. దాని మందు వేరుగా అడిగి తెస్తాను. నిన్న రాత్రి బ్రూనో తెల్లారేదాకా ఒక్కసారి కూడా లేవలేదు.