సామంతులు, హక్కులు: చంద్రగిరి మోడ్‌కు ఐడియాలు చెప్పండి

చంద్రగిరి_కుర్రోడు: 1600ల నాటి మ్యాప్‌తో 'యూరోపా యూనివర్సాలిస్ 4' అనే రాజ్యాల కంప్యూటర్ గేమ్‌కి మోడ్ (మన సొంత మార్పుల ఫైల్) చేస్తున్నా. మధురై, తంజావూరు, జింజి నాయకుల్ని విజయనగర రాయల కింద సామంతులుగా పెట్టాను. బుద్ధిగా కప్పం కట్టుకుంటూ కూర్చున్నారు! అలా కూర్చునే రకమా వాళ్లు?

కార్వేటి_నాని: లిబర్టీ డిజైర్ (సామంతుడికి స్వతంత్రం మీద ఎంత కోరికో చెప్పే గేమ్ లెక్క) 50 దాటించు అన్నా, అప్పుడు మాట వినరు. కానీ దాంతో సగమే పని అవుతుంది. 1614 సంగతి చూడు. జగ్గరాయడనే సర్దారు అప్పటి రాయలు రెండో శ్రీరంగరాయల్ని కుటుంబంతో సహా చంపించాడు. ప్రాణాలతో మిగిలిన కొడుకు రామదేవుణ్ణి రాయల పక్షపు సేనాని వెలుగోటి యాచమ నాయకుడు వెనకేసుకొచ్చాడు. తంజావూరు అటు చేరింది, మధురై, జింజి జగ్గరాయడి వైపు వెళ్లాయి. తోపూరు దగ్గర కొట్టుకున్నది స్వతంత్రం కోసం కాదు, గద్దె మీద ఎవరు కూర్చోవాలన్న దానికి. విధేయత లెక్క సింహాసనానికి కాకుండా ఒక్కో వారసుడికి విడిగా పెట్టు.

పీలేరు_గేమర్: అంత కోడ్ రాస్తే నా లాప్‌టాప్ పొగలు కక్కుతుంది సామీ 😄

తిరుచానూరు_అక్క: నాకు హక్కుల దగ్గరే చిరాకు. గేమ్‌లో కల్పించిన క్లెయిమ్ (ఆ నేల నాదే అన్న హక్కు) 25 ఏళ్లకు పోతుంది, ప్రావిన్సుకు యజమాని ఒక్కడే. మదరాసు సంగతి చూడండి. 1639లో ఇంగ్లీషు ఈస్టిండియా కంపెనీకి ఆ చోటు ఇచ్చింది దామర్ల వెంకటాద్రి నాయకుడు. ఆయన పైన రాయలు. 1645లో మూడో శ్రీరంగరాయలు మళ్లీ పట్టా ఇచ్చాడు. గోల్కొండ సైన్యం వచ్చాక ఆ గోల్కొండ వాళ్ల చేత కూడా కంపెనీ ఒప్పించుకుంది. నేల ఒకటే, కాగితాలు మూడు. కొత్తవాడు వచ్చినప్పుడల్లా వాడి ముద్ర కూడా వేయించుకున్నారంతే.

చంద్రగిరి_కుర్రోడు: అక్కా, ఇది బాగుంది. ప్రావిన్సుకు మూడు గళ్లు పెడతా: ఎవరి పేరున ఉంది, పన్ను ఎవరు వసూలు చేస్తారు, సైన్యం ఎవరిది.

కార్వేటి_నాని: నాలుగోది కావలి, అంటే ఊళ్లకు కాపలా కాసి రుసుము తీసుకునే హక్కు. మన చిత్తూరు పాలెగాళ్లు ఆర్కాట్ నవాబుకు పేష్కషు (కప్పం) కడుతూ ఊళ్ల కావలి రుసుము తామే తీసుకునేవాళ్లు. 1801లో ఆ సీమ కంపెనీకి పోయాక ఆ రాబడికి గండిపడింది, తిరగబడ్డారు. కప్పం పెంచితే వచ్చే కోపం వేరు, కావలి లాక్కుంటే వచ్చే కోపం వేరు. రెండోదానికి ఎక్కువ పాయింట్లు వెయ్యి.

పీలేరు_గేమర్: 'క్రూసేడర్ కింగ్స్' అనే ఇంకో గేమ్ వాళ్లు పేరుకు ఎవరిది, చేతిలో ఎవరిది అన్నది ఎప్పుడో విడదీశారు. అది చూసి మొదలుపెట్టు. నాలుగు గళ్లూ ఒకేసారి పెడితే ఏఐ (కంప్యూటర్ ఆడించే రాజు) తికమకపడి ఎవడి మీద యుద్ధం ప్రకటించాలో తెలీక ఊరుకుంటుంది.

చంద్రగిరి_కుర్రోడు: సరే, ముందు వారసుల లెక్క, ఆ తర్వాతే కావలి. ఆదివారం టెస్ట్ ఫైల్ పెడతా. జింజితో ఆడేదెవరు?

తిరుచానూరు_అక్క: జింజి నాకు. మధురై మాత్రం నానికి ఇవ్వొద్దు, కప్పం ఎగ్గొడతాడు.